గోడ మీద మా తాత గుమ్మం

మా నాన్నకు పదిహేడేళ్లప్పుడు వాళ్ళ ఊరు నీళ్లలో కలిసిపోయింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. అందులో మాదీ ఒకటి. 1981లో ఊరు ఖాళీ చేసేటప్పుడు మా తాత ఇంటి ద్వారబంధం ఊడదీసి ఎద్దులబండిలో వేసుకొచ్చాడు. కర్నూలులో మా ఇంటికి ఇప్పటికీ అదే గుమ్మం. గడప నడిమధ్య అరిగి చిన్న గుంట పడింది. ఆ గుంటలో మా అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది.

నేను డ్రాయింగు టీచరును. ఊరికి వచ్చి చేరినవాళ్ళ కోసం ఒక గోడబొమ్మ వేయాలన్న ఆలోచన మాత్రం మా గుమ్మాన్ని చూసి రాలేదు, స్వెటర్ల దుకాణంలో వచ్చింది. చలికాలం రాగానే టిబెట్ వాళ్ళు రోడ్డు పక్కన వరసగా స్వెటర్లు పెట్టి అమ్ముతారు కదా. అక్కడ ఒక కుర్రాడు "ఏయ్ నేపాలీ, రేటు చెప్పు" అన్నాడు. ఆమె తెలుగులోనే, నెమ్మదిగా, "మేము నేపాల్ కాదు నాన్నా, టిబెట్" అంది. తరవాత నేను మాట కలిపాను. కర్ణాటకలోని ముండగోడులో పుట్టిందట. 1959లో దలైలామా వెనకే కొండలు దాటి వచ్చినవాళ్ళకు మైసూరు రాష్ట్రం స్థలాలిచ్చింది. 1961లో బైలకుప్పె, 1966లో ముండగోడు అలా వెలిశాయి. వాళ్ళ అమ్మ నడిచి వచ్చినవాళ్ళలో ఒకరు. "వచ్చేటప్పుడు అమ్మ ఏమి తెచ్చుకుంది అక్కా?" అని అడిగాను. "నడుముకు కట్టుకున్నది" అంది.

ఆ ప్రశ్నే మా గోడకు పునాది. ఎవరిని కలిసినా అదే అడగాలనుకున్నాం: వచ్చేటప్పుడు చేతిలో ఏమి తెచ్చుకున్నారు?

మేము ఎనిమిది మందిమి. గోడ వెతకడానికే రెండు నెలలు పట్టింది. చివరికి పాతబస్తీలో ఒక బడి ప్రహరీ దొరికింది. నలభై అడుగుల పొడవు, ఏడు అడుగుల ఎత్తు. బడి పెద్దలు ఒప్పుకున్నారు కానీ, వీధి వైపు గోడ కాబట్టి పై కార్యాలయం అనుమతి కావాలన్నారు. అక్కడికి నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి అర్జీ సరిపోలేదు. రెండోసారి రంగుల్లో వేసిన నమూనా అడిగారు. మూడోసారి పార్టీ గుర్తులు, మత చిహ్నాలు ఉండవని హామీపత్రం రాసిమ్మన్నారు. ఇలాంటి పనికి దిగేవాళ్ళు ఈ మూడూ మొదటిరోజే పట్టుకెళ్ళండి, గోడ యజమాని ఒప్పుకోలు ఉత్తరంతో సహా. ఒక ఉద్యోగి నమూనా చూసి "వీళ్ళందరూ మనవాళ్ళు కాదు కదమ్మా, మనవాళ్ళవి వేయకూడదా?" అని అడిగాడు. 2009 వరదలో మీరు ఎక్కడున్నారని అడిగాను. బంధువుల ఇంటి మేడమీద మూడు రోజులు, కట్టుబట్టలతో ఉన్నామన్నాడు. కాసేపు నమూనా అలాగే చూసి సంతకం పెట్టాడు.

వరద మా గోడనూ వదల్లేదు. ఆ అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు ఈ ప్రహరీ పూర్తిగా మునిగిందట. దాని ఫలితం మాకు పని మొదలుపెట్టాక తెలిసింది. సున్నం గీకి ప్రైమర్ కొట్టిన పది రోజులకు కింది రెండు అడుగులూ తెల్లగా చౌడు పొంగి, రంగు పొట్టులా రాలింది. ప్రైమర్ డబ్బులు పోయాయి. మేస్త్రీ వచ్చి వేలితో గీకి నాలుక మీద పెట్టుకొని "ఉప్పమ్మా, ఇటుక దాకా పోయింది" అన్నాడు. కింది భాగమంతా ఇటుక కనిపించేదాకా చెక్కించి, మూడు వారాలు ఆరనిచ్చి, తేమను ఆపే మందు కలిపిన సిమెంటుతో మళ్ళీ పూత వేయించాం. పూతకు వారం పాటు నీళ్లు కొట్టాలి, ఆ తరవాత ఇంకో నెల ముట్టుకోకూడదు. పచ్చి పూత మీద రంగు వేస్తే సిమెంటు దాన్ని తినేస్తుంది. తొందరపడి మొదట అనుభవించాం కాబట్టి ఈసారి ఆగాం.

ఆ ఖాళీ నెలే నిజానికి మాకు మేలు చేసింది, ఇళ్లకు తిరిగాం.

తండా నుంచి వచ్చి కూరగాయలు అమ్మే ఒకావిడ దగ్గర కూర్చున్నాం. లంబాడీల పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ సైన్యాల వెంట దక్కనుకు వచ్చినవాళ్ళు. నేను గీసిన పేటియా, అంటే వాళ్ళ అద్దాల లంగా, బొమ్మ చూసి ఆమె తల అడ్డంగా ఊపింది. "తెల్లరంగు చుక్క పెడితే అద్దం అవుతుందా? ఎండ తగిలితే మెరవాలి." అద్దాల కొట్టులో ముక్కలు కొని, అంచులు నూరించి, గోడకు నిజంగానే అంటించాం. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి ఆ పేటియా వెలుగు ఎదురు కొట్టు షట్టరు మీద పడి చుక్కలు చుక్కలుగా కదులుతుంది.

మాలో ఒకరు 1953 గుడారాలు కూడా వేద్దామన్నారు. ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా కర్నూలులో ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులవి. గొప్ప కథే. నేను ఒప్పుకోలేదు. వాళ్ళు ఉత్తర్వు చేత్తో పట్టుకొని వచ్చినవాళ్ళు, ఇల్లు పోగొట్టుకొని కాదు. ఆ రోజు మాటామాటా పెరిగింది. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు.

ముంపు ఊళ్ళ పెద్దాయన ఒకరు మమ్మల్ని జగన్నాథగట్టుకు తీసుకెళ్ళాడు. మునిగే చోటి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి, అక్కడ మళ్ళీ నిలబెట్టిన రూపాల సంగమేశ్వరుడి గుడి ఉంది. గోడ మీద ఈ గుడి వేయమంటాడేమో అనుకున్నాను. హామీపత్రం సంగతి ఎలా చెప్పాలా అని సందేహిస్తుంటే ఆయనే "గుడి వద్దమ్మా" అన్నాడు. "దేవుడికి గట్టు దొరికింది. మాకు 98 జీవో దొరికింది." ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని 1986లో వచ్చిన జీవో అది. ఆయన అర్జీ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో ఇప్పటికీ ఉన్నాయి, మడత దగ్గర చిరిగి. గోడ మీద ఆ సంచినే వేశాం, మడతలతో సహా.

డిసెంబరులో బొమ్మ మొదలైంది. కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి. నీలిపొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరోవైపు బిగబట్టి లాగి వదిలితే గీత పడుతుంది. బడి పిల్లలకు ఆ పని బాగా నచ్చింది, ఒక్కపూటలో గడులన్నీ కొట్టేశారు.

స్వెటర్ల అక్క వాళ్ళ అమ్మ నడుముకు కట్టుకొచ్చిన పంగ్దెన్‌ను ఫోనులో చూపించింది. పెళ్ళైన స్త్రీలు ముందు వైపు కట్టుకునే చారల వస్త్రం అది. నేను చారలన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా లాగేశాను. పని బాగా కుదిరిందనుకున్నాను. ఆమె దుకాణం మూసి వచ్చి చూసి, గోడ మీద వేలు పెట్టి రెండు నిలువు గీతలు గీసింది. "మూడు ముక్కలు. కలిపి కుట్టేది. చారకు చార కలవకూడదు." మగ్గం సన్నం కాబట్టి మూడు పట్టీలు నేసి కలుపుతారట, చారలు కావాలనే తప్పిస్తారట. మూడు రోజుల పని తుడిచి మళ్ళీ వేశాను. ఎరుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన నీలం, అతుకు దగ్గర విరిగి పక్కకు జరిగిన చారలు. ఆమె ఏమీ అనలేదు. ఫోను తీసి వీడియో కాల్‌లో వాళ్ళ అమ్మకు చూపించింది. అవతల ముసలావిడ తెర దగ్గరకు ముఖం తెచ్చి, చెయ్యి పెట్టి తడిమింది.

మా గుమ్మాన్ని చివరికి మిగిల్చాను. నాన్న అంతవరకు గోడ దగ్గరకు రాలేదు. ఊరి సంగతి ఎప్పుడడిగినా "ఏముంది, పోయింది" అనేవాడు. గడప గుంట, పసుపు, పై కమ్మీ మీద చెక్కిన చిలకలు అన్నీ ఇంట్లో చూసి వేశాను. రెండు తలుపులు మూసి గొళ్ళెం పెట్టినట్టు వేశాను. ఆ సాయంత్రం నాన్న వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"తలుపులు తప్పు" అన్నాడు. "తలుపులు ముందే విప్పి బండి కింద పరిచాం. ద్వారబంధం చివర తీశాం. ఆ రాత్రి గుమ్మం తెరిచే ఉంది."

"అయితే గుమ్మంలో నుంచి ఏమి కనిపించేది నాన్నా?"

"వేపచెట్టు. దాని వెనక ఏరు."

నా ముప్పై నాలుగేళ్ళలో ఆ ఇంటి ముందు వేపచెట్టు ఉందని వినడం అదే మొదటిసారి. తలుపులు చెరిపేసి, రాత్రి తొమ్మిది దాకా బల్బు వెలుగులో చెట్టు వేశాను. మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి నాన్న అప్పటికే అక్కడున్నాడు. ఎడమ వైపు కొమ్మ ఇంకా కిందికి ఉండేదని, పిల్లలు ఎగిరితే అందేదని చెప్పాడు. చెయ్యి ఎత్తి ఎంత ఎత్తో చూపించాడు. కొమ్మను అక్కడికి దించాను.