చీమలకి ముందే తెలుసు

ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్. రాత్రి నాలుగైదుసార్లు లేచేదాన్ని. వస్తూ వస్తూ చెంబెడు నీళ్లు తాగడం, మళ్లీ లేవడం. స్టడీ అవర్లో మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పోతున్నానని వార్డెన్ మేడమ్ అందరి ముందూ నిలబెట్టి తిట్టింది. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఎలా తగ్గావో చెప్పవే అని రూమ్మేట్లు వెంటపడ్డారు. నేను వెళ్లొచ్చాక బాత్‌రూమ్ గచ్చు మీద చీమలు బారులు కట్టేవి. వాటికి తెలిసింది మాకెవరికీ తెలియలేదు.

సంక్రాంతికి గుడివాడ దగ్గర మా ఊరొచ్చేసరికి వాంతులు. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. పదిహేడేళ్ల పిల్లకి షుగరని ఎవరనుకుంటారు, నిజమే. కానీ షుగర్ చూసే మిషన్ ఆయన బల్ల మీదే ఉంది. ఆ కోపం నాకింకా పోలేదు. సాయంత్రానికి ఎగశ్వాస. అమ్మమ్మ దగ్గరికొచ్చి, "ఏంటే, నీ నోరు మాగిన పళ్ల వాసనేస్తోంది" అంది. విజయవాడ తీసుకెళ్తే షుగర్ 540. మూడు రోజులు ఐసీయూ.

టైప్ 1 డయాబెటిస్ అన్నారు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేశాయట. తీపి తినడం వల్ల వచ్చింది కాదు, మాత్రలతో పోయేదీ కాదు. అయినా ఇంటికొచ్చిన వారానికే పెద్దమ్మ ఎవరో పసరు మందాయన అడ్రసు పట్టుకొచ్చింది. అమ్మ ఇంజెక్షన్ మాన్పించింది. నాలుగో రోజున మళ్లీ అదే ఆస్పత్రి, అదే వార్డు. డాక్టర్ గారు అమ్మని ఒక్క మాట అనలేదు. "1922లో టొరంటోలో పధ్నాలుగేళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారమ్మా. అంతకుముందు ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు" అన్నారంతే. ఆ తర్వాత అమ్మ ఒక్క డోసు కూడా మర్చిపోనివ్వలేదు. ఇంకో పట్టు మాత్రం పట్టింది: "ఎవరికీ చెప్పకు. రేపు పెళ్లి కావాల్సిన పిల్లవి."

చెప్పలేదు. డిగ్రీలో కాలేజీ బాత్‌రూమ్‌లో తలుపు గడియేసుకుని పొడుచుకున్నాను. సూది నొప్పి ఏమీ కాదు, చీమ కుట్టినంత. ఆ గడియ చప్పుడే చిరాకు.

పక్షుల పిచ్చి పట్టింది జబ్బుపడ్డ ఆ సంక్రాంతి సెలవుల్లోనే. మంచం మీంచి కిటికీలోకి చూస్తే వేపచెట్టు తప్ప ఏముంది? దాని మీద జెముడుకాకి, గువ్వలు, ఒకరోజు వడ్రంగిపిట్ట. నాన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనిచ్చాడు.

రెండేళ్ల క్రితం డిసెంబర్లో క్లాస్‌మేట్లతో కొల్లేరు వెళ్లాను, కైకలూరు దగ్గర ఆటపాకకి. పడవలో వెళ్తుంటే ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఒక పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా దూరిపోయి తింటోంది. తల కనపడదు, ఒళ్లు మాత్రం ఊగుతూ ఉంటుంది. అది తీస్తూ టైము చూసుకోలేదు. పొద్దున రెండు ఇడ్లీలకి నాలుగు యూనిట్ల ఇన్సులిన్ వేసుకుని, బస్సు వచ్చేసిందని ఒకటే తిన్నాను. కెమెరా బరువనిపించింది. ఫోకస్ కుదరట్లేదని లెన్స్ తుడిచాను. మసకేసింది లెన్స్ కాదు, నా కళ్లు. చెమటలు, వణుకు. గ్లూకోజ్ పొడి ఒడ్డున, బ్యాగులో ఉంది. పక్కనున్న స్నేహితురాలికి చెప్పడానికి అప్పుడు కూడా నోరు రాలేదు.

పడవాయన నా మొహం చూశాడు. "షుగరా అమ్మా? మా ఇంటిదానికి కూడా ఇంతే" అని ఫ్లాస్కులో టీ మూత నిండా పోసి ఇచ్చాడు. పాకంలాంటి టీ. అందరూ నన్నే చూస్తున్నారు. పావుగంటకి వణుకు తగ్గింది. ఒడ్డుకొచ్చి పరీక్ష చేసుకుంటే 78. 70 కంటే తగ్గితే ప్రమాదం. పడవలో ఎంతకి పడిపోయిందో మరి.

ఆ రోజు బస్సులోనే అందరికీ చెప్పేశాను. "ఇంతేనా? బాత్‌రూమ్‌లో అంతసేపు లవర్‌తో మాట్లాడుతున్నావనుకున్నాం" అంది ఒకతి.

మొన్న ఫిబ్రవరిలో పక్షుల కోసం నేలపట్టు వెళ్లినప్పుడు బండి కదలకముందే తలా ఒక గ్లూకోజ్ ప్యాకెట్ పంచాను. నేను తిక్కతిక్కగా మాట్లాడితే వాదించకుండా నోట్లో పొయ్యమన్నాను. మామూలుగా కూడా తిక్కగానే మాట్లాడతావు కదా, ఎలా తెలుస్తుంది అన్నారు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను తడిగుడ్డ చుట్టి చిన్న మట్టి ముంతలో పెట్టుకుంటాను. ఐస్‌కి ఆనించకూడదు, గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మొదట్లో 11 శాతం వచ్చేది, ఇప్పుడు 7.2.

పోయిన నెల ఒక సంబంధం వచ్చింది. ఫోన్లో అమ్మే ముందు చెప్పింది, "మా అమ్మాయికి షుగరుంది, రోజుకి నాలుగు ఇంజెక్షన్లు" అని. మళ్లీ ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు. అమ్మ వాళ్లని రెండు తిట్లు తిట్టి, కొత్త పెన్నుల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టడానికి గోంగూర పచ్చడి సీసా పక్కకి జరిపింది.