మెటల్‌కోర్ మూడ్‌లో ఉన్నాను, భరించండి

ఈమధ్య మళ్ళీ ఐ రెజ్లడ్ ఎ బేర్ వన్స్ పిచ్చి పట్టింది నాకు. అమెరికాలో లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్ అనే ఊరి మెటల్‌కోర్ బ్యాండ్, అంటే హెవీ మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిపి కొట్టే రకం. 2009లో వచ్చిన మొదటి ఆల్బమ్ వింటే క్రిస్టా కామెరాన్ గొంతు ఒక్క క్షణం పొట్టలోంచి గర్జిస్తుంది, ఊపిరి తీసుకునేలోపు జాజ్ క్లబ్బులో పాడుతున్నట్టు మెత్తగా తిరుగుతుంది, వెనకాల గిటార్లు, డ్రమ్స్ మాత్రం ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టే ఉంటాయి. మా అమ్మ వంటింట్లోంచి "ఎవర్నైనా కొడుతున్నారా ఏంటే" అని కేకేసింది కూడా.

2012లో వార్ప్‌డ్ టూర్ (ఊరూరా తిరిగే రాక్ సంగీత ఉత్సవం) నడుస్తుండగానే క్రిస్టా తల్లి కాబోతూ తప్పుకుంది. ఆమె స్థానంలోకి కోర్ట్‌నీ లాప్లాంట్ వచ్చింది. టూర్ మధ్యలో, ఇంకొకరి పాటలు, ఎదురుగా ఇంకొకరి అభిమానులు! నాకైతే తలుచుకుంటేనే టెన్షన్. 2013, 2015లలో ఆమెతో రెండు ఆల్బమ్‌లు చేశారు. రెండోది బాగా బరువుగా ఉంటుంది, నాకు అదే ఇష్టం, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. ఆ తర్వాత బ్యాండ్ చెదిరిపోయింది.

అన్నట్టు, ఆడవాళ్ళు ముందు నిలబడి పాడే బ్యాండ్లని "ఫీమేల్ ఫ్రంటెడ్" అని ప్రత్యేకంగా ఒక అర కట్టి అందులో పడేయడం మాత్రం నాకు ఒళ్ళు మంట. మగవాళ్ళ బ్యాండ్లకి అలా చీటీ అంటిస్తారా ఎవరైనా?

కోర్ట్‌నీ, అదే బ్యాండ్‌లో గిటార్ వాయించిన ఆమె భర్త మైక్ స్ట్రింగర్ కలిసి కెనడాలో స్పిరిట్‌బాక్స్ మొదలుపెట్టారు. గ్రామీ నామినేషన్ల దాకా వెళ్ళారు. వాళ్ళని వినేవాళ్ళలో చాలామందికి ఈ పాత బ్యాండ్ సంగతే తెలీదు. 2015 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్ మాత్రం మర్చిపోకండి.