కౌంటర్ వెనుక నిలబడిన మనిషికి ఓటు ఉందా?

సహకార దుకాణం అనగానే అందులో అందరూ సమానులేనని అనుకుంటాం. అయితే అక్కడ బియ్యం తూచి ఇచ్చే మనిషి యజమానుల్లో ఒకరా, కేవలం జీతగాడా అన్నది పైనున్న బోర్డు చూసి చెప్పలేం. మన ఊళ్లలోని వ్యవసాయ సొసైటీల్లో సభ్యులు రైతులు. ఎరువుల బస్తాలు లెక్కపెట్టి ఇచ్చే గుమాస్తాకు, ఆ ఉద్యోగం చేస్తున్నందువల్ల సర్వసభ్య సమావేశంలో ఓటు రాదు.

ఈ పేచీ చాలా పాతది. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో కొద్దిమంది సామాన్యులు తలా కొంత వేసుకుని పిండి, వెన్న, చక్కెర అమ్మే అంగడి తెరిచి, మిగులును సభ్యులకు వారు కొన్న సరుకు విలువను బట్టి పంచారు. తరువాత అదే ఊరి సహకారులు పెట్టిన నూలు మిల్లులో పనివారికి కూడా లాభంలో భాగం ఇచ్చారు. అది బాగా నడుస్తుండడంతో, అందులో పని చేయనివారు పెద్ద సంఖ్యలో వాటాలు కొని సభ్యులై, 1862లో పనివారి భాగాన్ని ఓటుతోనే రద్దు చేయించారు. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒక ఓటే అన్న సహకార నియమం దానంతటదే పనివారిని కాపాడదని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది ఇండియన్ కాఫీ హౌస్. 1950లలో ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేసి ఉద్యోగులను తొలగించినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ అండతో ఆ ఉద్యోగులే సహకార సంఘాలుగా ఏర్పడి, 1957లో బెంగళూరులో, 1958లో త్రిస్సూర్‌లో వాటిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. అక్కడ తలపాగా చుట్టుకుని దోసె తెచ్చిపెట్టే మనిషి యజమానుల్లో ఒకడు కావచ్చు. ఇలాంటి చోట కాఫీ ధర ఎంత ఉండాలో చెప్పే హక్కు తాగేవారికి లేదు, కానీ హోటల్‌కు అది పెద్ద లోపమని నేననుకోను. నచ్చకపోతే పక్క హోటల్ ఉంటుంది.

పేటకంతటికీ నిత్యావసరాలు ఇచ్చే దుకాణం సంగతి వేరు. కొనేవారే యజమానులైతే జీతం వారికి తగ్గించవలసిన ఖర్చుగా కనిపిస్తుంది. పనివారే యజమానులైతే పేదవాడి బుట్టలో ఏముండాలన్నది వారి దయ మీద ఆధారపడుతుంది. అందుకే నాకు ఉభయుల యాజమాన్యం మీదే మొగ్గు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, కేరీ, మారిస్‌విల్‌లలో స్థిరపడిన తెలుగువారికి అంత దూరం కాని కార్‌బరోలో 1988లో తెరిచిన వీవర్ స్ట్రీట్ మార్కెట్‌కు వినియోగదారులూ, పనివారూ ఇద్దరూ యజమానులే. దాని పాలక మండలికి తమ ప్రతినిధులను ఎవరికి వారు విడిగా ఎన్నుకుంటారు. కొనేవారు ఎన్ని వేలమంది చేరినా పనివారి స్థానాలను తమ ఓట్లతో ఊడ్చేయలేరు. రోచ్‌డేల్ మిల్లులో లేనిది ఈ అడ్డుకట్టే.

ఇక పనివాడి వాటా ధర. దాన్ని ఒకేసారి కట్టమంటే కొత్తగా చేరినవారు బయటే ఉండిపోతారు, కొన్నేళ్లకు పాత సభ్యులు యజమానులుగా, కొత్తవారు కూలీలుగా మిగులుతారు. నెల జీతంలోంచి కొద్దికొద్దిగా పట్టుకుని, మానేసిన రోజున తిరిగి ఇచ్చే ఏర్పాటు నిబంధనావళిలోనే ఉండాలి.