బండి లేటంట!

డెబ్బై దాటిన మనిషి నాలుగు విషయాలు మర్చిపోతే ఇంటిల్లిపాదీ ఒకే నిర్ణయానికి వచ్చేస్తారు. మా ఇంట్లోనూ అంతే అయింది. పొయ్యి మీద పాలు మర్చిపోవడం, మనవరాలిని మా చెల్లెలి పేరుతో పిలవడం, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. "అమ్మకి మతిమరుపు మొదలైంది" అని మా అబ్బాయి ఫోన్లో బంధువులకి చెప్పడం నాకు వినపడుతూనే ఉండేది. మొదట చూసిన డాక్టరు కూడా నా వయసు చూసి జ్ఞాపకశక్తికి మాత్రలు రాసి పంపారు, స్కాన్ మాటే ఎత్తలేదు.

ఆ రోజుల్లో కొన్ని నాకు గుర్తున్నవి, మిగతావి ఇంట్లోవాళ్లు చెబితే తెలిసినవి. బాగా గుర్తున్నవి మాత్రం ప్రశ్నలు. ఎవరొచ్చినా నా ఎదురుగా కూర్చుని, "నేనెవరో చెప్పండి పిన్నిగారూ?", "ఇవాళ ఏం వారం?" అని అడిగేవాళ్లు. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. జవాబు రాని పిల్లాడి మొహం ఎలా ఉంటుందో జీవితమంతా చూశాను, వాడి లోపల ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. పేరు ఎంతకీ నోటికి రాదు. కానీ వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నిట్టూర్చడం మాత్రం శుభ్రంగా అర్థమవుతుంది.

మాది విజయవాడ సత్యనారాయణపురం. ఒకప్పుడు ఇక్కడ రైల్వే స్టేషన్ ఉండేది. తర్వాత పట్టాలు తీసేసి బస్సుల కోసం బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఒక సాయంత్రం నేను సంచిలో రెండు చీరలు పెట్టుకుని గుడివాడ బండికి బయల్దేరాను. మా అబ్బాయి గుమ్మానికి అడ్డం నిలబడి, స్టేషన్ ఎప్పుడో ఎత్తేశారని చెప్పాడు. సెల్లో రోడ్డు ఫోటో కూడా చూపించాడు. వాడు వివరించేకొద్దీ నాకు కోపం, ఏడుపు. అంట్లు తోముతున్న పనమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బండి లేటంట అమ్మగారూ. ఈలోగా కాఫీ తాగుదాం రండి" అంది. సంచి నా చేతిలోంచి లాక్కోలేదు, ఒక వైపు పట్టుకుని నాతో నడిచింది. కాఫీ అయ్యేసరికి ప్రయాణం సంగతి నేనే వదిలేశాను. మా అబ్బాయి దాన్ని అబద్ధం అంటాడు. అనుకోనీ! ఆ పూట ఇంట్లో నా మాట విన్నది ఆ పిల్లొక్కతే.

తర్వాత తలనొప్పి, ఎడమ కాలు ఈడ్చడం మొదలయ్యాయి. సూర్యారావుపేటలో న్యూరాలజిస్టు మొదట అడిగింది, "ఈమధ్య తలకి దెబ్బ తగిలిందా?" అని. కోడలికి తట్టింది: కొన్ని వారాల కింద వంటింటి అల్మారా తలుపు నెత్తికి కొట్టుకుంది. బొప్పి కూడా కట్టలేదు. కాకపోతే గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను. సీటీ స్కాన్‌లో పుర్రెకీ మెదడుకీ మధ్య పాత రక్తం పేరుకుని కనిపించింది. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారట. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి, దాని మీది సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి రక్తం మెల్లగా ఊరుతుంది, వారాల తర్వాత గానీ బయటపడదు. పుర్రెకి చిన్న రంధ్రాలు వేసి ఆ రక్తం తీసేశారు. జుట్టు కూడా పోయింది, తిరుపతి మొక్కు తీరిందనుకున్నాను. మాట, మతి తొందరగానే తిరిగొచ్చాయి. కాలికి ఫిజియోథెరపీ చాలాకాలం పట్టింది.

బి12 లోపం, థైరాయిడ్, సోడియం తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొన్ని నిద్రమాత్రలు కూడా పెద్దవాళ్లని ఇలాగే తికమక పెడతాయని న్యూరాలజిస్టు చెప్పారు. ముఖ్యంగా రోజుల్లో, వారాల్లో మనిషి మారిపోతే వయసు మీదికి నెట్టేయకుండా పరీక్షలు చేయించాలి.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా వదినకి అవన్నీ చేయించారు. ఆవిడది అల్జీమర్సే. మందులు కొన్నాళ్లు కాస్త తెరిపినిస్తాయి గానీ జబ్బుని ఆపలేవు. నేను కోలుకున్నాక ఆవిణ్ని చూడ్డానికి వెళ్తే మా మేనల్లుడు, "అమ్మా, ఎవరొచ్చారో చెప్పు?" అని మొదలుపెట్టాడు. వాణ్ని ఆపి, "వదినా, నేను విజయవాడ నుంచి వచ్చాను" అన్నాను. "రా అమ్మా, అన్నం తిన్నావా?" అంది. నన్ను వాళ్లమ్మ అనుకుంది. సరే, తిన్నానన్నాను.

స్నానమంటే ఆవిడ కేకలు పెడుతోంది. నెత్తి మీద చెంబుతో పోస్తుంటే బెదరదా మరి? భుజాల మీద తువ్వాలు కప్పి ఉంచి, "కాళ్ల మీద పోస్తున్నా వదినా" అని చెబుతూ పాదాల నుంచి మొదలుపెట్టాను. తల చివరికి. గొణిగింది గానీ కేకలు పెట్టలేదు. తర్వాత చేటలో చిక్కుడుకాయలు పోసి ముందు పెడితే, ఎవరూ చెప్పకుండానే అటొకటి, ఇటొకటి ఈనె లాగి, పుచ్చు కాయలు పక్కకి తీసి పెట్టింది. మనుషుల పేర్లు పోయాయి, చేతులకి పని తెలుసు.

మేనల్లుడికే నిద్రలేదు, బీపీ పెరిగింది. వాడి టెన్షన్ చూసి పగటిపూట ఆయాని పెట్టించాను, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు రాసిచ్చాను. నిన్న ఫోన్ చేసి, "అత్తయ్యా, రోజూ చిక్కుడుకాయ కూర తినలేకపోతున్నాం, అమ్మకి ఇంకో పని చెప్పు" అన్నాడు. గోరుచిక్కుళ్లు కొనమన్నాను.