హోబర్ట్ ప్రయాణం లెక్కలు పిల్లలవే

సెలవులొచ్చాయంటే ఇండియా. మెల్‌బోర్న్‌లో మాలాంటి చాలా ఇళ్లల్లో ఇదే వరస. పొదుపంతా టికెట్లకే సరిపోతుంది. దాంతో ఇక్కడ పుట్టిన పిల్లలకు రాజమండ్రి తెలుసు గానీ, పక్కనే ఉన్న టాస్మానియా ద్వీపం తెలియదు. వాళ్లకి రెండూ తెలియాలని నా కోరిక. అమ్మ కూడా ఇక్కడే ఉంది కాబట్టి జులై సెలవులకి టాస్మానియా రాజధాని హోబర్ట్ అనుకున్నాం. లెక్కలు పిల్లలకే అప్పజెప్పాం. ఇంత డబ్బుంది, ఇందులోనే రావాలి అని ఉన్నదున్నట్టు చెప్పేశాం. మా చిన్నప్పుడు డబ్బు సంగతి మా చెవిన పడనిచ్చేవారు కాదు. వీళ్లకి మాత్రం తెలియాలి.

ఎప్పుడు వెళ్తామన్న దాన్నిబట్టే ఖర్చు. సిడ్నీలో బయల్దేరే పడవల పందెం డిసెంబరు చివర్లో హోబర్ట్‌లో ముగుస్తుంది, అప్పుడు గది దొరకడమే కష్టం. ఇక్కడ జులై చలికాలం, అద్దెలు తక్కువ. విమానమైతే గంటంపావు, కానీ దిగాక అద్దె కారు కావాలి. మెల్‌బోర్న్ దగ్గర్లోని గీలాంగ్‌లో రాత్రి ఓడెక్కితే మన కారూ మనతోనే వస్తుంది. తెల్లారేసరికి టాస్మానియా ఉత్తర తీరంలోని డెవన్‌పోర్ట్, అక్కణ్ణించి హోబర్ట్ మూడున్నర గంటలు. ఇద్దరు రెండు రోజులకి వెళ్తే విమానమే మేలు. ఐదుగురం, వారం రోజులు కాబట్టి మా పెద్దది ఓడకే ఓటేసింది. బస క్యారవాన్ పార్కులో, వంటగది ఉన్న క్యాబిన్. కుక్కర్ కూడా కార్లో పెట్టేశాం.

టాస్మానియాలోకి పళ్లు, కూరగాయలు, మొక్కలు రానివ్వరు. పెద్దది అమ్మ సంచీ ముందేసుకుని కూర్చుంది. "అమ్మమ్మా, కరివేపాకు కూడా తియ్యాలి." "నాలుగు రెబ్బలేనే తల్లీ!" "ఒక్కటున్నా ఒప్పుకోరు." ఆవకాయ, కందిపొడి సంచీలోనే ఉండిపోయాయి.

ఊళ్లో డబ్బుతో పనిలేనివి చాలా ఉన్నాయి. బొటానికల్ గార్డెన్, మ్యూజియం, శనివారం సలమాంకా సంత. 1,271 మీటర్ల కునాన్యీ కొండ మీద అమ్మ మొదటిసారి మంచు ముట్టుకుంది. (మంచు ఎక్కువైతే పైదాకా రోడ్డు మూసేస్తారు, పొద్దున్నే కనుక్కుని బయల్దేరాలి.) దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ 1912 మార్చిలో ఆ కబురు టెలిగ్రామ్‌లో పంపింది ఈ ఊరినుంచే అని చెబితే చిన్నాడు పోస్టాఫీసు ముందు నుంచి కదల్లేదు.

టికెట్ కొన్నవాటిలో నేను వదలొద్దనేది క్యాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీ, అంటే పాతకాలపు ఆడవాళ్ల జైలు. బ్రిటన్, ఐర్లండ్ల నుంచి శిక్షపడి వచ్చిన ఆడవాళ్లను 1828 నుంచి అక్కడ ఉంచారు. పాలు మాన్పించగానే పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయేవారు, వాళ్లలో ఎంతోమంది చనిపోయారు. పెద్దది ఇదంతా తనకొచ్చిన తెలుగులో అమ్మమ్మకి చెప్పింది. "మన అండమాన్ లాంటిదన్నమాట" అంది అమ్మ. అండమాన్ ఏంటని పిల్లలడిగారు. ఆ గోడ పక్కనే చాలాసేపు అమ్మ చెప్పింది, వాళ్లు విన్నారు.

చివర్లో బ్రూనీ ద్వీపం చుట్టూ పడవ షికారుకి డబ్బు చాలలేదు. అమ్మ పర్సు తీసింది. "అమ్మమ్మ డబ్బులు లెక్కలో లేవు" అంది పెద్దది. కారు ఎలాగూ ఉందిగా, కెటరింగ్ వెళ్లి కారుతో సహా ఫెర్రీ ఎక్కి ద్వీపమంతా మేమే తిరిగాం.