తేగల పాతర

ఈ సంక్రాంతికి మా ఇంట్లో పండగ లేదు. నాన్న పోయి ఏడాది కాలేదు కదా. అరిసెల పాకం పట్టలేదు, గుమ్మంలో ముగ్గు వేయలేదు. పెరట్లో తేగల పాతర మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయింది. భాద్రపదంలో తాటి టెంకలు ఏరుకొచ్చి, వరసలుగా పేర్చి, ఇసుక కప్పి తడిపింది ఆయనే. కార్తికంలో వెళ్ళిపోయారు. "పండగ లేకపోతే మానె, తవ్వకుండా వదిలేస్తే అన్నీ పీచు పట్టిపోతాయి" అని మా పిన్ని పోరుపెట్టింది.

మాది ఉద్దానం. నాన్న 1964లో, పద్దెనిమిదేళ్ళ వయసులో సైన్యంలో చేరారు. చైనాతో యుద్ధం తరువాత సైన్యాన్ని పెంచుతున్న రోజులవి. శిక్షణ బెంగళూరులో, హలసూరు చెరువు దగ్గర, మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో. 1780లో పుట్టిన దళం అది. అక్కడ మామూలు సైనికుణ్ణి సాపర్ అంటారు, మిగతా సైన్యం మాత్రం వాళ్ళందరినీ 'తంబీ' అనే పిలుస్తుంది. శ్రీకాకుళం మనిషి ఇరవై ఏళ్ళు తంబీగా బతికి, 1984లో హవల్దారుగా ఇంటికొచ్చారు. వెంట తెచ్చుకున్నది తెల్లరంగుతో నంబరు రాసిన ఒక నల్ల ట్రంకుపెట్టె, సగం తమిళం, సగం హిందీ.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. అంతవరకూ నాన్నంటే ఏడాదికి రెండు నెలలు ఉండి వెళ్ళే చుట్టం. మీ నాన్న ఏ ఊళ్ళో ఉంటారని బళ్ళో అడిగితే, ఉత్తరాల మీద చూసిన సైనిక పోస్టాఫీసు నంబరు గుర్తుపెట్టుకుని "యాభై ఆరు ఏ.పి.ఓ." అని చెప్పాను. మాస్టారు నవ్వి, భారతదేశం పటంలో చూపించమన్నారు. చాలాసేపు వెతికాను.

ఇంటికొచ్చాక ఆయన మొదటగా పెట్టిన పద్ధతి గిన్తీ. సైన్యంలో పొద్దున్నా సాయంత్రం మనుషుల్ని లెక్కపెట్టడాన్ని అలా అంటారు. బస్సు దిగగానే గిన్తీ. తిరునాళ్ళలో గంటకోసారి గిన్తీ. రాత్రి తలుపు గడియ పెట్టేముందు గుమ్మంలో చెప్పుల జతలు లెక్కపెట్టేవారు. అన్నయ్య సెకండ్ షో సినిమాకు వెళ్ళిన రోజు ఒక జత తక్కువ వచ్చింది. నాన్న ఏమీ అనలేదు, కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నారు. వాడు తిరిగొచ్చేసరికి అలాగే ఉన్నారు. తిట్టినా బాగుండేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు.

యుద్ధం గురించి అడిగితే ఎక్కువ చెప్పేవారు కాదు. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో, షకర్‌గఢ్ వైపు ఉన్నారు. బసంతర్ నది దాటడానికి మన ట్యాంకులకు మందుపాతరల మధ్య దారి తీసింది ఇంజనీర్లే. ఆ దళాల్లో తంబీలూ ఉన్నారు. డిసెంబరు 17 రాత్రి ఎనిమిదింటికి కాల్పులు ఆగాయి. "ఆగింది వాళ్ళకి. మాకు పని అప్పుడే మొదలు" అనేవారు నాన్న. పాతినవన్నీ తియ్యాలి కదా మరి.

ఎలా తీస్తారో మాత్రం మాకు చేసి చూపించారు, తేగల పాతర దగ్గరే. ఒక సన్నటి ఇనుప చువ్వ ఉండేది ఆయన దగ్గర. బోర్లా పడుకుని, చువ్వని ముప్పై డిగ్రీల వాలులో పట్టుకుని, రెండు వేళ్ళ బలంతో మట్టిలోకి తోసేవారు. "నిట్టనిలువుగా గుచ్చావనుకో, మీట నువ్వే నొక్కినట్టు. వాలుగా వెళ్తే పక్క తగులుతుంది. తగిలిందా, ఆగు. చువ్వ వదిలేసి చేత్తో మట్టి తియ్యి." అలా జాగా చూసుకుని ఇసుక తొలిచి, ఒక్క తేగ కూడా విరగకుండా తీసేవారు. ఊళ్ళో అందరూ గునపంతో పావుగంటలో ముగించే పని మా ఇంట్లో ఒక పూట పట్టేది. తంపటి వేసినవి చీల్చి, మధ్యలో చందమామ మాకు పెట్టి, మిగతాది తను నమిలేవారు.

తరువాత పదిహేనేళ్ళు ఒక బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కాపలా కాశారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మా చదువులు అయ్యాయి.

2016లో అమ్మకు కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది ప్రతి వీధికీ తెలిసిన సంగతే. వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్ళు తాగకూడదన్నారు డాక్టరు. నాన్న ఒక గాజు సీసాకు చుట్టూ రంగుతో గీతలు గీశారు. మాత్రలకు ఒక గీత, భోజనానికి రెండు, ఆఖరి గీత రాత్రికి. ఆ ఐదేళ్ళలో అమ్మ ఎదుట ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగడం నేను చూడలేదు. పెరట్లోకి వెళ్ళి కుండలో ముంచుకుని తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేవారు.

"ఏమండీ, మీసాలు తడిగా ఉన్నాయి" అనేది అమ్మ.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తోటలన్నీ నేలమీద ఉన్నాయి. కొబ్బరిచెట్లు దారి పొడవునా అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు అమ్మకు డయాలసిస్. డెబ్భై రెండేళ్ళ మనిషి రంపం, మోకు పట్టుకుని బయలుదేరి, కుర్రాళ్ళను నలుగురిని పోగేసి, ఏ చెట్టు ముందు కోయాలో, ఏది మోకు కట్టి లాగాలో చెబుతూ హైవే దాకా దారి తీశారు. ఒక రోజు ఆలస్యంగా, శనివారం, మోటారుసైకిల్ మీద మధ్యలో అమ్మను కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. దారి గురించి ఎవరైనా పొగిడితే చిరాకు పడేవారు. ఒక రోజు ఆలస్యం అయిందిగా అనేవారు.

పింఛను కాగితాల్లో అమ్మ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. తను పోతే అమ్మకు కుటుంబ పింఛను ఆగిపోతుందని రెండేళ్ళు ఒక కార్యాలయం చుట్టూ తిరిగారు. అఫిడవిట్లు, ఫోటోలు, పాత కాగితాల నకళ్ళు. సరిచేసినట్టు ఉత్తరం వచ్చింది, 2021లో, అమ్మ పోయిన నలభై రోజులకు. కళ్ళజోడు పెట్టుకుని పేరు అక్షరం అక్షరం చదివి "ఇప్పుడు సరిగ్గా రాశారు" అన్నారు. ట్రంకుపెట్టెలో దాచారు.

ఏటా నవంబరులో బతికే ఉన్నానని ధ్రువపత్రం ఇవ్వడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ కొట్టుకుని బ్యాంకుకు వెళ్ళేవారు. 2023లో కూడా చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. ఆ రాత్రే నిద్రలో పోయారు. ఆ నెల బ్యాంకుకు ఇంకో రకం పత్రం పట్టుకుని నేను వెళ్ళాను.

కనుమ నాడు అందరం పాతర దగ్గరికి చేరాం. మావాడు ఉత్సాహంగా గునపం ఎత్తి నిలువునా దించాడు. మొదటి వరసలో పదకొండు తేగలు పుటుక్కుమన్నాయి. పశువుల శాల చూరులోంచి చువ్వ తీసి నేను ఇసుకలో బోర్లా పడుకున్నాను. ఈ వయసులో, చీర కట్టుకుని, పిన్ని నవ్వుతూ ఉండగా. రెండో వరసలో మూడే విరిగాయి.

గోడ మీద సుద్దముక్కతో నాన్న రాసిన అంకె ఉంది, 240 అని. విరిగినవాటితో కలిపి మా లెక్కకు 231 వచ్చాయి. మొలవనివి కొన్ని ఉంటాయని పిన్ని చెబుతూనే ఉంది. అన్నయ్య వినిపించుకోలేదు. తేగలన్నీ మళ్ళీ పదేసి చొప్పున వరసలు పేర్చి, మొదటి నుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.