పిన్ను గుచ్చిన ఐదు వందల డాలర్ల నోటు

వర్జీనియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన రెండో రోజే, "ముందు ఏం చూస్తావు నాన్నా, నయాగరానా, న్యూయార్కా?" అని అడిగింది. లక్ష డాలర్ల నోటు చూపించమన్నాను. 35 ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో సగం క్యాష్ కౌంటర్లోనే. నోటంటే నాకెంత ఇష్టమో దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

వాషింగ్టన్‌లో ఫెడరల్ ట్రయాంగిల్ మెట్రో స్టేషన్లో దిగి కాస్త నడిస్తే అమెరికన్ చరిత్ర మ్యూజియం వస్తుంది. టికెట్ లేదు. డబ్బు కోసమే ఒక గ్యాలరీ పెట్టారు. నేను వెతుక్కుంటూ వచ్చిన నోటు అక్కడ అద్దం వెనక ఉంది. 1934 నాటి గోల్డ్ సర్టిఫికెట్, అంటే ఖజానాలోని బంగారం లెక్క మీద వేసిన నోటు. ముందు అధ్యక్షుడు వుడ్రో విల్సన్ బొమ్మ, వెనక అంతా నారింజ రంగు. 42,000 నోట్లు అచ్చు వేశారు గానీ ఒక్కటీ జనం చేతికి రాలేదు. అక్కడి కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ఫెడరల్ రిజర్వు బ్యాంకులు తమలో తాము లెక్కలు సర్దుకోవడానికే వాడుకున్నాయి. ఇప్పటికీ ఎంత డబ్బున్నవాడైనా దాన్ని సొంతంగా ఉంచుకోవడానికి వీల్లేదు. పావుగంట అక్కడే నిలబడిపోయాను.

కొనుక్కోగలిగినవి దాని తర్వాతవి. 500 డాలర్ల మీద మెకిన్లీ, 1,000 మీద క్లీవ్‌లాండ్, 5,000 మీద మాడిసన్, ముగ్గురూ అధ్యక్షులే; 10,000 మీద లింకన్ హయాంలో ఆర్థికమంత్రిగా చేసిన సామన్ చేజ్. 1945 తర్వాత వీటి అచ్చు ఆగింది. పెద్దగా వాడకం లేదని 1969 జులైలో జారీ కూడా ఆపేశారు. ఆపారు గానీ రద్దు చేయలేదు! 2016 నవంబరులో కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. పెద్ద నోట్లు పట్టుకుని తెల్లారకముందే వచ్చి నిలబడ్డ ముసలివాళ్ల మొహాలు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఇక్కడ 90 ఏళ్ల నాటి నోటు ఈరోజుకీ చెల్లుతుంది. కాకపోతే బ్యాంకులో ఇస్తే అది మళ్లీ బయటికి రాదు, నాశనం చేయడానికి పంపేస్తారు. ఎవరో ఒకరు ఇవ్వకుండా దాచుకోబట్టే ఈ మాత్రమైనా మిగిలాయి.

ఆ శనివారం మా అల్లుడు బాల్టిమోర్‌లో పాత నాణేలు, నోట్లు అమ్మే కాయిన్ షోకి తీసుకెళ్లాడు. కన్వెన్షన్ సెంటర్ హాలు నిండా టేబుళ్లు. ఒక పెద్దాయన 500 డాలర్ల నోట్లు రెండు పక్కపక్కన పెట్టి, నా చేతికి భూతద్దం ఇచ్చి చిన్న అక్షరాలు చదవమన్నాడు. 1928 నోటు మీద, అడిగితే ట్రెజరీలో, అంటే ప్రభుత్వ ఖజానాలో, బంగారం ఇస్తామని ఉంది. 1934 నోటు మీద బంగారం మాటే లేదు, చట్టబద్ధమైన డబ్బు ఇస్తామని మాత్రమే ఉంది. మధ్యలో 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జనం దగ్గరున్న బంగారాన్ని వెనక్కి తీసుకున్నాడు. అంత పెద్ద సంగతి ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది.

1934 నోట్లలోనే ఇంకోటి తీసి, ఇది తక్కువకిస్తాను, దీనికి లోపం ఉందన్నాడు. లైటుకి ఎత్తి చూశాను. మెకిన్లీ భుజం పక్కన మూడు సన్నటి చిల్లులు. అప్పట్లో నోట్లు కలిపి పిన్ను గుచ్చేవారట. 2001లో రిజర్వు బ్యాంకు స్టేపుల్ కొట్టొద్దని ఆదేశించేదాకా మేమూ కట్టకట్టకీ కొట్టినవాళ్లమే. తెరిచేటప్పుడు పిన్ను దిగి ఎన్నిసార్లు వేళ్లు కోసుకున్నానో. ఎవరో నాలాంటి క్యాషియరే ఆ పిన్ను గుచ్చి ఉంటాడు.

"మావయ్యా, చిల్లు లేనిది చూద్దాం" అన్నాడు అల్లుడు. వద్దన్నాను.

పెద్దాయన పన్నెండు వందల డాలర్లు చెప్పాడు, పదకొండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. వేలు తడుపుకుని వంద డాలర్ల నోట్లు పదకొండు, యాభైది ఒకటి లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన కూడా వేలు తడుపుకుని మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.